మూడో షిఫ్టు, రెండో భాగం

“కట్టుకొని చచ్చిన కోకను ఎవురన్నా ఇంట్లో పెట్టుకొంటారా?” అని చిన్నవెంకటమ్మ మళ్ళీ అడిగింది.

“చచ్చింది సినిమాలో గదత్తా,” అని భాగ్యమ్మ మళ్ళీ అదే జవాబు చెప్పింది.

పొద్దున్నుంచి అత్తాకోడళ్ళ మధ్య ఈ రెండు మాటలే అటూ ఇటూ తిరుగుతున్నాయి. పాలు పిండడం అయింది, కాఫీలు అయ్యాయి, పట్టుపురుగులకు తొలి మేత వేయడం అయింది. మాట మాత్రం ఉన్నచోటే ఉంది.

“సినిమా అని నీకు తెలుసు, నాకు తెలుసు. కోకకు తెలుస్తుందా?” అంది చిన్నవెంకటమ్మ.

“అవ్వా, ఆ కోక ఇప్పుడు యాడుండాదో చెప్పు, చాలు,” అంది అర్పిత, కాలేజీ సంచీ భుజాన వేసుకొని గడపలో నిలబడి. “మొదటి భాగంలో అమ్మ ఏది కట్టుకొని చచ్చిందో, రెండో భాగంలో అదే కట్టుకొని లేయాలంట. లేకపోతే జనం గుర్తుపట్టరని ఫ్రాంక్లిన్ అన్న తల పట్టుకొని కూర్చొన్నాడు.”

“గుర్తుపట్టకపోతే శానా మంచిది,” అన్నాడు భాగ్యమ్మ భర్త పురుషోత్తమ్ వసారాలోంచి. “డెయిరీకాడ నేను క్యాను దించేలోపల నలుగురు అడుగుతారు, ఏమప్పా, మీ ఇంటి దయ్యం బాగుండాదా అని. కోక లేదు, కాబట్టి సినిమా లేదు. గలాటె అయిపాయ. ఇంగ ఆకు కోసేదానికి రాండి.”

ఆ మాటకు అర్పిత కిసుక్కున నవ్వింది. భాగ్యమ్మకు కూడా నవ్వొచ్చింది. చెయ్యి దానంతట అది కొంగు పట్టుకొని నోటి మీదికి పోయింది.

భాగ్యమ్మ కామసముద్రం నుంచి బేతమంగళకు కోడలిగా వచ్చిన కొత్తలో, ఆమె నవ్వు చెరువుకట్ట మీద బస్సుకు నిలబడినవాళ్ళకు వినిపించేదని చెప్పుకొనేవాళ్ళు. అది కొంచెం ఎక్కువ చేసి చెప్పిన మాటే గానీ, పూర్తిగా అబద్ధం కాదు. “నోటికి కొంగు అడ్డం పెట్టుకో తల్లీ, ఆవులు బెదురుతాయి,” అని చిన్నవెంకటమ్మ అప్పుడు చెప్పింది. కోడలు పెట్టుకొంది. ఏళ్ళ తరబడి పెట్టుకొని పెట్టుకొని, చివరికి నవ్వు వస్తోందని మనసుకు తెలిసేలోపే చేతికి తెలిసిపోయేది.

అలాంటి మనిషి నవ్వు ఊరూరా ఫోన్లలో మోగడానికి కారణం కూడా ఆ అత్తే.

రాబర్ట్‌సన్‌పేటలో ఆర్థర్ అని పెళ్ళి వీడియోలు తీసే ఆయన ఉన్నాడు. ఆయన తండ్రి బంగారు గనిలో పనిచేసినవాడు. గనులు మూతపడే కాలానికి కొడుకు కెమెరా పట్టుకొన్నాడు. ఆర్థర్ కొడుకు ఫ్రాంక్లిన్‌కు సినిమా పిచ్చి. పోయిన ఏడాది ఇంటిల్లిపాదినీ కూడగట్టుకొని ‘మూడో షిఫ్టు’ అని ఒక సినిమా తీశాడు. మూతబడిన గనిలోంచి ముసుగు వేసుకొన్న కూలీ ఒకడు పైకి వచ్చి, పాడుబడ్డ కంపెనీ బంగళాల్లో అడుగుపెట్టినవాళ్ళనందరినీ గడ్డపారతో, కొడవలితో వరసగా చంపుకుంటూ పోతాడు. కథంతా అంతే. దర్శకుడు ఫ్రాంక్లిన్, కెమెరా తండ్రి ఆర్థర్, యూనిట్‌కు అన్నమూ రక్తమూ వండేది తల్లి ఎస్తరమ్మ, తీసినదంతా కోసి అతికించేది చెల్లెలు మోనికా. ఆ మోనికా, అర్పిత ఒకే కాలేజీ.

అర్పిత అడిగిందని ఆ రోజు షూటింగుకు పెరుగు తీసుకొని భాగ్యమ్మ వెళ్ళింది. వేడుక చూద్దామని చిన్నవెంకటమ్మ కూడా బస్సెక్కింది. చూడబోతే చావాల్సిన మనిషి రాలేదు. “ఊరికే పండుకొంటే చాలక్కా,” అన్నాడు ఫ్రాంక్లిన్. భాగ్యమ్మ పండుకొంది. చేతులు వెనక్కి కట్టేశారు. మెడ మీద ఎస్తరమ్మ రక్తం పోసింది. ఆ రక్తం ఇంకేమీ కాదు, రాగిగంజిలో బెల్లం పాకం, ఎర్ర రంగు.

షాట్ అయిపోయింది, అందరూ కదిలారు, చిన్నవెంకటమ్మ మాత్రం కదలనివ్వలేదు. “చచ్చినట్టు పడిన మనిషి అట్లే లేచి రాగూడదు. చావు మొహం మీద ఒకతూరి నవ్వి లేయాల. నువ్వు నవ్వేదాకా ఈడనుంచి ఎవురూ పోయేది లేదు,” అంది. “సినిమావాళ్ళలోనూ ఈ పద్ధతి ఉండాదమ్మా, కెమెరా చూసి నవ్విస్తారు,” అని ఆర్థర్ కెమెరా మళ్ళీ ఆన్ చేశాడు. అప్పటికే బెల్లం వాసనకు చీమలు మెడ చుట్టూ చేరాయి. చక్కిలిగింతలకు భాగ్యమ్మ కళ్ళు తెరిచి, కెమెరాలోకి చూస్తూ, కొంగు లేకుండా, చేతులు కట్టేసి ఉండగా, పగలబడి నవ్వింది.

దాన్ని తర్వాత తీసేయాలి. మోనికా తీసేయలేదు. ఆమె చేయి తిరిగింది పెళ్ళి వీడియోల మీద. ఆ స్టూడియోలో ఒక కట్టుబాటుంది: కెమెరా చూసి నవ్విన మొహాన్ని కోయకూడదు. కోస్తే ఆ మొహం గలవాళ్ళు స్టూడియోకు వచ్చి, నేను పెళ్ళికి రాలేదా ఏమి అని పోట్లాడతారు. తాళి కట్టే ఘట్టం కొంచెం తగ్గినా అడిగేవాళ్ళు లేరు గానీ, మేనత్త నవ్వు తగ్గితే ఊరుకోరు. అలవాటు కొద్దీ మోనికా నవ్విన మొహాన్ని ఉంచేసింది. సినిమా బయటికి వచ్చేదాకా ఎవరూ గమనించలేదు.

గొంతు తెగిన ఆడమనిషి కళ్ళు తెరిచి ఇల్లదిరేలా నవ్వుతుంది. ఆ తర్వాత సినిమా ఏమీ జరగనట్టు ఇంకో హత్యకు వెళ్ళిపోతుంది. చూసినవాళ్ళ ఒళ్ళు జలదరించింది. ఆ ముక్క ఒక్కటీ ఫోన్లలో చేతులు మారింది. ఎవరామె, ఎందుకు నవ్వింది, ఆ కూలీకి ఆమే పెళ్ళామా అని తెలియనివాళ్ళంతా వాదించుకొన్నారు. ఫ్రాంక్లిన్‌ను అడిగితే, “అది రెండో భాగంలో తెలుస్తుంది,” అన్నాడు. అన్నాక తీయక తప్పలేదు.

ఇదీ కోక గొడవ వెనక ఉన్న కథ.

ఆ మధ్యాహ్నం ఫ్రాంక్లిన్ ఫోన్ చేశాడు. భాగ్యమ్మ చేతులు మల్బరీ ఆకు పసరుతో ఉన్నాయని అర్పిత స్పీకర్ పెట్టి పట్టుకొంది.

“అక్కా, కోక దొరకలేదని మోనికా చెప్పింది. మీరేం బాధ పడొద్దు. ఇంట్లో కూడా కష్టంగా ఉండాదంట గదా. బెంగళూరులో ఒకమ్మాయి ఉండాది, దయ్యానికి నేను చేస్తాననింది. సన్నగా, పొడుగ్గా, జుట్టు కూడా ఉండాది.”

“సరే నాయనా,” అంది భాగ్యమ్మ. గొంతు మామూలుగానే ఉంది.

“మీ పాత నవ్వు మా దగ్గర ఉండాది గదక్కా. ఆ అమ్మాయి నోరు తెరిస్తే చాలు, మీ నవ్వు తెచ్చి దానికి అతికించేస్తాం. పేర్లలో మీ పేరు కూడా వేస్తాం.”

భాగ్యమ్మ చేతిలో కొమ్మ పక్కన పెట్టింది.

“నా నవ్వు ఆ బిడ్డ నోటికా?”

“అవునక్కా. ఎవురికీ తెలీదు.”

“నాకు తెలుస్తుంది గదప్పా,” అంది భాగ్యమ్మ. “షూటింగు ఎప్పుడు?”

“ఎల్లుండక్కా.”

“వస్తా ఉండా. ఆ బిడ్డకు వద్దని చెప్పేయి.”

అర్పిత ఫోన్ పెట్టేసి తల్లి మొహం చూసింది. భాగ్యమ్మ మళ్ళీ కొమ్మ అందుకొని ఆకు దూయడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎప్పుడూ ఎత్తిన గొంతుల కంటే ఇలా మామూలుగా పలికిన మాటలకే అందరూ ఎక్కువ బెదురుతారు.

“పురుగులు?” అన్నాడు పురుషోత్తమ్ ఆకు మోపు దించుతూ.

“నాలుగో జ్వరం లేచి మేస్తా ఉండాయి. పండేదానికి ఇంకా మూడు దినాలుండాది. పొద్దున పోయి పొద్దు దిగేలోపల వస్తా.”

జ్వరం అంటే పురుగు పొర విడిచే నిద్ర. నాలుగు నిద్రలూ అయ్యాక ఒక వారం ఆబగా మేసి, ఒళ్ళు పండు రంగుకు తిరిగి, గూడు కట్టుకోవడానికి తల ఆడిస్తాయి. ఆ గడియ తప్పితే పురుగు ఎక్కడున్నది అక్కడే దారం వదిలేస్తుంది, ఇంటిల్లిపాది నెల కష్టమూ తట్టలో చెత్తవుతుంది. పురుషోత్తమ్ బెంగ నిజమైనదే.

“ఆ రంగూ రక్తమూ పూసుకొని వచ్చి పురుగులింట్లో కాలు పెట్టినావంటే చూడు,” అన్నాడు.

“నీళ్ళు పోసుకొనే పెడతాలే.”

చిన్నవెంకటమ్మ అంతవరకూ తమలపాకుకు సున్నం రాస్తూ కూర్చొంది. తలెత్తి, “ఈ తూరి చచ్చేదా, చంపేదా?” అని అడిగింది.

“చంపేదవ్వా,” అంది అర్పిత. “అమ్మే దయ్యం. కనిపించినోళ్ళనంతా చంపేస్తుంది.”

ముసలామె ఆకు మడిచి బుగ్గన పెట్టుకొని, రెండుసార్లు నమిలి, “చంపేదైతే పోనీ,” అంది. “చచ్చేది ఒకతూరి చాలు. కోక గంగులమ్మకు ఇచ్చినా. పోయి అడగండి.”

గంగులమ్మ వీధి చివర ఇల్లు. వీళ్ళ తోటలో ఆకు కోతకు వస్తుంది. అర్పిత, భాగ్యమ్మ వెళ్ళేసరికి పచ్చని నూలుకోక, పసుపు అంచుతో సహా, దూలానికి వేలాడుతోంది. అందులో గంగులమ్మ మనవడు ఆదమరిచి నిద్రపోతున్నాడు.

“ఈ కోకలో వేస్తేనే వీడు పండుకొనేది,” అంది గంగులమ్మ. “మెత్తగా ఉండాది. మీయత్త ఇచ్చినప్పుడు మంచి కోక ఏమిటికి ఇచ్చేస్తా ఉండాదో అనుకొన్నా.”

అందులో తాను చచ్చిన సంగతి భాగ్యమ్మ చెప్పలేదు. బిడ్డ లేచేదాకా ముగ్గురూ వసారాలో కూర్చొని చింతపండు ఒలిచారు. వాడు లేచి ఏడుపు అందుకొన్నాక, భాగ్యమ్మ తన పెట్టెలోంచి అర్పితతో తెప్పించిన ఇంకో మెత్తని కోకతో ఉయ్యాల కట్టి, వాడిని అందులో వేసి, రెండు ఊపులు ఊపి చూసింది. వాడు అనుమానంగా చూసి, ఒప్పుకొన్నాడు.

మూడో రోజు పొద్దున భాగ్యమ్మ కోక మడిచి సంచిలో పెట్టుకొని, ఆకు కోసే కొడవలిని గుడ్డలో చుట్టుకొని బస్సెక్కింది. దయ్యానికి కొడవలి కావాలని ఫ్రాంక్లిన్ అడిగాడు. అట్టముక్కతో చేసింది మొదటి భాగంలో వానకు తడిసి వంగిపోయిందట. అర్పితకు ఆ రోజు పరీక్ష. వెంట వస్తానన్న చిన్నవెంకటమ్మను పురుగులకు మేత వేయడానికి పురుషోత్తమ్ ఆపేశాడు.

సినిమాలో అది మనిషి అడుగు పెట్టని పాడుబడ్డ ఊరు. నిజానికి అక్కడ మనుషులు లేని చోటు వెతుక్కోవడమే ఫ్రాంక్లిన్‌కు అన్నిటికంటే పెద్ద పని. గనులు మూతబడినా ఊరెక్కడికీ పోలేదు. తెల్లవారుజాము రైలుకు సగం ఊరు బెంగళూరు పనులకు వెళ్ళి, సాయంత్రం రైలుకు తిరిగి వస్తుంది. అందుకే పాడుబడ్డ ఊరు కావాలంటే ఆదివారం కాకుండా పనిదినం చూసుకోవాలి, సాయంత్రం రైలు రాకముందే చంపాల్సినవాళ్ళను చంపేయాలి. పగలు తీసినదాన్ని మోనికా కంప్యూటర్‌లో రాత్రి చేస్తుంది.

భాగ్యమ్మ వెళ్ళేసరికి ఎస్తరమ్మ వీధి వీధీ తిరుగుతోంది. పైకప్పు కూలిన బంగళా వెనకే మనుషులున్న లైను ఇళ్ళున్నాయి.

“అమ్మా, ఆ నైటీ కొంచిం లోపలేసుకో. దయ్యం నడిచే దావలో కనిపిస్తా ఉండాది,” అంటోంది ఒక ఇంటి ముందు. “అన్నా, టీవీ తగ్గించు. ఈడ ఎవురూ లేరు ఇప్పుడు.”

“నేనుండా గదా?” అన్నాడా ఇంటాయన.

“నువ్వు కూడా లేవు. మధ్యాన్నం బిరియాని ఇస్తా, లేకుండా కూర్చో.”

భాగ్యమ్మను చూసి ఎస్తరమ్మ పరుగున వచ్చింది. “వచ్చినావా తల్లీ! ఈ తూరి రక్తంలో బెల్లం వేయలేదు. చీమల బాధ లేదు, హాయిగా ఉండు.”

భాగ్యమ్మ కోక కట్టుకొంది. జుట్టు విప్పారు. మెడ చుట్టూ రాగిగంజి రక్తం పూశారు, కళ్ళ కింద కాటుక పులిమారు. ఒక చేతిలో కొడవలి ఇచ్చారు. బంగారం తీసేశాక మిగిలిన గని మట్టి పోసిన సయనైడ్ దిబ్బ వైపు నుంచి తెల్లని దుమ్ము లేస్తోంది. దూరంగా గనిలోకి దిగే షాఫ్టు మీద ఇనుప చట్రం నిలబడి ఉంది. కూలిన బంగళా గుమ్మంలోకి ఆమె నడిచి వచ్చి, ఆగి, కెమెరాలోకి చూసి నవ్వాలి. అంతే. ఆ నవ్వుతో సినిమా మొదలవుతుంది.

ఆర్థర్ కెమెరా సరిచేసుకొన్నాడు. ఫ్రాంక్లిన్ ‘యాక్షన్’ అన్నాడు. భాగ్యమ్మ నడిచి వచ్చింది, ఆగింది, నవ్వబోయింది. ఎడమ చెయ్యి కొంగు పట్టుకొని నోటికి అడ్డం వెళ్ళింది.

“కట్! అక్కా, కొంగు వద్దక్కా.”

“తెలీకుండా పోయిందప్పా.”

మళ్ళీ నడిచింది. మళ్ళీ చెయ్యి వెళ్ళింది. ఎడమ చేతికి లాంతరు ఇచ్చారు. ఈసారి కొడవలితో సహా కుడి చెయ్యి వచ్చి నోటిని మూసింది. పేరంటంలో ఎవరో తప్పు మాట అంటే సిగ్గుపడిన దయ్యంలా ఉంది. లేకుండా కూర్చోమన్న ఇంటాయన గోడ వెనకనుంచి ఫక్కుమన్నాడు.

“మొదటి తూరి మాదిరి చేతులు వెనక్కి కట్టేద్దామా?” అంది మోనికా.

“కట్టేస్తే కొడవలి ఎవురు పట్టుకొంటారు? నువ్వా?” అన్నాడు ఫ్రాంక్లిన్.

చెయ్యిని ఆపడం మీదే మనసంతా పెట్టేసరికి నవ్వు రావడం మానేసింది. నోరు తెరిస్తే గాలి వచ్చింది. ఒకసారి దగ్గు వచ్చింది. ఎస్తరమ్మ జోకులు చెప్పింది, ఆర్థర్ కోతి మొహం పెట్టాడు. భాగ్యమ్మ మర్యాదకు పళ్ళు కనిపించేలా పెదవులు సాగదీసింది. ఎవరి మేలు కోసమో ఫోటోకు నిలబడిన మనిషిలా ఉంది. ఎండ నడినెత్తికెక్కింది, రక్తం మెడ మీద ఎండి పెంకు కట్టింది.

ఫ్రాంక్లిన్ మంచివాడు. దగ్గరికి వచ్చి, నీళ్ళు ఇచ్చి, మెల్లగా, “ఫరవాలేదక్కా. మీరు ఊరికే నోరు తెరవండి. పాత నవ్వు అతికిస్తాం,” అన్నాడు.

భాగ్యమ్మ నీళ్ళు తాగింది. బెంగళూరు అమ్మాయి నోటికి అతికిస్తానన్నప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు తన నోటికే అతికిస్తానంటుంటే ఏమి రావాలో తెలియలేదు. అంత దూరం నుంచి ఇంటిని కాదని వచ్చింది, తనది తాను తెచ్చుకోలేకపోయింది.

“ఇంగొక్క తూరి చూద్దామప్పా,” అంది. “ఒక్కటే. కాకపోతే నీ ఇష్టం.”

లాంతరు ఎడమ చేతిలో, కొడవలి కుడి చేతిలో. భాగ్యమ్మ వెనక్కి వెళ్ళి నిలబడింది. ఆర్థర్ కెమెరా తిప్పాడు. ఫ్రాంక్లిన్ చెయ్యి ఎత్తాడు. ఆమె లోపలి గదిలోంచి గుమ్మంలోకి వచ్చింది, ఆగింది, చూసింది.

సరిగ్గా అప్పుడే బయట మోపెడ్ ఒకటి దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. పురుషోత్తమ్ దిగాడు. లుంగీ మడిచి కట్టుకొని, చెమటతో, జుట్టులో మల్బరీ ఆకు ముక్కతో, కెమెరాను, మనుషులను, ఎవరినీ చూడకుండా నేరుగా నడిచి వచ్చి దయ్యం ఎదుట నిలబడ్డాడు.

“చంద్రికలు యాడ పెట్టినావే?” అన్నాడు.

చంద్రికలంటే పండిన పురుగులను గూడు కట్టడానికి వదిలే వెదురు తట్టలు. భాగ్యమ్మ గొంతు తెగి, కళ్ళ కింద నలుపుతో, చేతిలో కొడవలితో, అలాగే నిలబడి చూసింది.

“అట్ల గుడ్లు మిటకరించి చూస్తావేమి? నిన్నటి ఎండకు పురుగులు ముందే పండేసినాయి. తలకాయలు ఆడిస్తా ఉండాయి. అమ్మ ఒకతే ఏరుతా ఉండాది. ఇల్లంతా వెతికినా, అటక ఎక్కినా, ఒక్క చంద్రిక కనిపించలేదు. అద్దెకిచ్చినావా ఏమి ఎవురికన్నా?” ఊపిరి తీసుకోవడానికి ఆగి, కొడవలి చూశాడు. “ఓహో! కొడవలి కూడా నువ్వే ఎత్తుకొచ్చినావా! ఆకు దేంతో కోయాల? పండ్లతోనా?”

లేకుండా ఉండాల్సిన జనమంతా గోడల మీదికి వచ్చారు. ఎస్తరమ్మ నోట్లో కొంగు కుక్కుకొంది. పురుషోత్తమ్‌కు మాత్రం ఎదుట ఉన్నది వంటింట్లోంచి అప్పుడే బయటికి వచ్చిన పెళ్ళామే. ఇన్నేళ్ళుగా ఆమె మొహాన్ని అడిగి తెలుసుకోవడానికే తప్ప చూడడానికి అతనికి తీరిక దొరకలేదు. మెడ నిండా రక్తం ఉన్నా కనబడలేదు.

భాగ్యమ్మ అతని జుట్టులోని ఆకు ముక్క చూసింది. ఇక నవ్వు ఆగలేదు. కామసముద్రం నుంచి తెచ్చుకొన్నదంతా ఒక్కసారి బయటపడ్డట్టు, తల వెనక్కి వేసి, కళ్ళనీళ్ళతో కాటుక కారుతుంటే, విరగబడి నవ్వింది. కూలిన పైకప్పులోంచి పావురాలు లేచాయి. లాంతరు ఊగింది, కొడవలి ఊగింది, రెండు చేతులూ ఉన్నచోటే ఉన్నాయి.

“ఏమే, పండిన పురుగులకు నవ్వొస్తా ఉండాదా నీకు?” అన్నాడు పురుషోత్తమ్. అప్పుడు చూశాడు. “అదేమి, మెడకాడ ఎర్రగా? ఏం తగిలించుకొన్నావు?”

దానికి ఆమె గుమ్మం పట్టుకొని కూలబడి నవ్వింది.

ఆర్థర్ కెమెరా ఆపలేదు. నవ్వే మొహం ముందు ఆయన ఎప్పుడూ కెమెరా ఆపలేదు. నవ్వు చిన్నదై, ఎక్కిళ్ళలోకి దిగి, మళ్ళీ ఒకసారి లేచి, పూర్తిగా ఆగాకే కెమెరా దించాడు. ఫ్రాంక్లిన్ ‘కట్’ అనడం మరిచిపోయి, తల మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు.

“అన్నా,” అన్నాడు పురుషోత్తమ్‌తో, “ఆ చంద్రికల మాట ఇంగొకతూరి అంటారా? ఈ పక్కనుంచి తీసుకొంటాం.”

“ఏందప్పా ఇంగొకతూరి? నా పురుగులు పండి దారం వదిలేస్తా ఉంటే! డెయిరీలో వాళ్ళంతా చూసి నవ్వాలనా?”

“ఇప్పుడు మాత్రం నవ్వడం లేదా ఏమి?” అంది ఎస్తరమ్మ, కళ్ళు తుడుచుకొంటూ. పురుషోత్తమ్ గోడల వైపు చూశాడు. పాడుబడ్డ ఊరంతా అతన్ని చూసి చేతులు ఊపింది.

“పశువుల కొట్టం వెనక, రేకు కింద ఉండాయి,” అంది భాగ్యమ్మ. “ఎండకు పెట్టినా. పద.”

మెడ మీద రక్తం కడుక్కోవడానికి ఎస్తరమ్మ బిందెతో నీళ్ళు తెచ్చింది. ఒక పక్క భాగ్యమ్మ రుద్దుకుంటుంటే, ఇంకో పక్క ఫ్రాంక్లిన్ చెవి దగ్గర నిలబడి గబగబా చెప్పాడు. ఇంగ కథ మారిపోయిందక్కా అన్నాడు. ఆమె ఎవరో, ఎందుకు నవ్విందో తనకే ఇప్పుడు తెలిసిందన్నాడు. దయ్యం ఒక్క సీనులో వచ్చి నవ్వి పోవడం కాదు, సినిమా అంతా ఆమెదే. ఊరి జనం బెదిరి పారిపోతుంటారు. మొగుడొకడు మాత్రం బెదరకుండా వచ్చి, ఉప్పు యాడుండాది, తాళంచెవి యాడుండాది అని అడుగుతుంటాడు. “వచ్చే నెలంతా మీరు కావాలక్కా. మీరు రాకపోతే నేను తీయను, నిజంగా. ఆలోచించి చెప్పండి.”

భాగ్యమ్మ మెడ తుడుచుకొంది. కొడవలి గుడ్డలో చుట్టుకొని మోపెడ్ ఎక్కింది.

పురుగుల తొందరలో పురుషోత్తమ్ బండి వేగంగా నడిపాడు. ఆండర్సన్‌పేట దాటాక గాలిలోకి, “ఆయన కెమెరా నా పక్క కూడా తిప్పినాడా?” అన్నాడు.

“తిప్పినాడు.”

ఇంకాస్త దూరం పోయాక, “చొక్కా కూడా సరిగా లేదు,” అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి చిన్నవెంకటమ్మ పురుగులింట్లో ఒంటరిగా లేదు. గంగులమ్మ వచ్చి ఉంది. అర్పిత పరీక్ష రాసి నేరుగా వచ్చి, చున్నీ నడుముకు చుట్టుకొని ఏరుతోంది. భాగ్యమ్మ నెత్తిన నీళ్ళు పోసుకొని, వేరే కోక కట్టుకొని, కాళ్ళు కడుక్కొని లోపలికి వచ్చింది. పండిన పురుగులు తేనె రంగులో, లోపల దీపం పెట్టినట్టు ఉన్నాయి. తలలు ఎత్తి అటూ ఇటూ ఆడిస్తున్నాయి. చంద్రికలు వచ్చాయి. అందరూ గుండ్రంగా కూర్చొని, ఒక్కొక్క పురుగునూ వేళ్ళతో నొప్పి పుట్టకుండా ఎత్తి, తట్ట వరసల్లో వేస్తూ పోయారు.

“చంపినావా?” అని అడిగింది చిన్నవెంకటమ్మ.

“ఇంకా లేదత్తా.”

“మరి దినమంతా ఏం చేసినావు?”

“నవ్వింది,” అన్నాడు పురుషోత్తమ్. “నన్ను చూసి. ఊరంతా పెట్టుకొని.” అది ఫిర్యాదులా మొదలై, చివరికి వచ్చేసరికి ఇంకేదోలా అయింది. అర్పిత, గంగులమ్మ ఒకరినొకరు చూసుకొన్నారు. చంద్రికల సంగతి అతనే చెప్పాడు, కొడవలి సంగతి కూడా. మెడ మాట చెప్పేసరికి చిన్నవెంకటమ్మ కూడా పండ్లు లేని నోటితో నవ్వింది. “నా కొడుకు అంతే. వాళ్ళ నాయన పోయిన దినం కూడా, నాయనా, గడ్డపార యాడుండాదని ఆయన్నే అడగబోయినాడు.”

పొద్దు వాలింది. అర్పిత లేచి లైటు వేసింది. సగానికి పైగా తట్టలు నిండాయి. తొలుత వేసిన పురుగులు అప్పుడే మూలలు చూసుకొని దారం తీయడం మొదలుపెట్టాయి. ఆకు మేసే చప్పుడు ఆగిపోయి పురుగులిల్లు నిశ్శబ్దంగా ఉంది.

“ఈ పంట బాగానే వచ్చేటట్టుండాది,” అన్నాడు పురుషోత్తమ్. “వచ్చే నెలకు చాకీ పిల్లపురుగులు ఎన్ని తట్టలు తెమ్మని చెప్పేది? ఈ తూరంతేనా, ఎక్కువా? రేపు పొద్దున ఫోన్ చేస్తానని చెప్పినా వాళ్ళకు.”

భాగ్యమ్మ చేతిలో ఉన్న పురుగును తట్టలో పెట్టింది. అది తల ఎత్తి చుట్టూ చూసుకొని ఒక మూలకు జరిగేదాకా ఆగింది. తర్వాత ఇంకోదాన్ని ఎత్తుకొంటూ, ఎప్పటి గొంతుతోనే చెప్పింది.

“వచ్చే నెలకు పురుగులు చెప్పొద్దు. నాకు పనుండాది.”